చెప్పకుండా వెళ్ళినవాళ్ళు

కుర్చీలు సాయంత్రం ఐదున్నరకి వచ్చాయి. కృష్ణచైతన్య రాలేదు.

అది కార్తీకమాసంలో ఒక మంగళవారం. రాయగడలోని ఫర్నిచరు దుకాణంలో పన్నెండు తిరిగే కుర్చీలు కొని, చిన్న వ్యానులోకి ఎక్కించి, తను మోటారుసైకిలు మీద వెనకాలే బయల్దేరాడు. వ్యాను సెమిలిగుడ జంక్షనులో అతని తండ్రి భీమారావు హోల్‌సేలు కొట్టు ముందు ఆగేసరికి, కృష్ణచైతన్య అక్క పద్మకుమారి అప్పుడే స్కూలు నుంచి వచ్చి ఉంది. చేతిసంచీ ఇంకా భుజం మీంచి దించలేదు.

"బాబు లక్ష్మీపూర్లో టీ తాగి వత్తానన్నాడమ్మా. నన్ను ముందెల్లిపోమన్నాడు," అన్నాడు డ్రైవరు, తాళ్ళు విప్పుతూ.

పద్మకుమారి కుర్చీలు లెక్కపెట్టి మేడ మీదికి ఎక్కించింది. ప్రతి కుర్చీకీ పాలిథిన్ కవరు ఉంది. కుర్చీలు మోసిన కలాసీ ఒకడు కవరు చింపబోతే వద్దంది. "వాడొచ్చి తీసుకుంటాడు. వాడి సరదా వాడికుంటుంది కదా," అంది.

ఏడు గంటలకి లక్ష్మీపూర్ నుంచి ఫోను వచ్చింది. మలుపు దగ్గర లారీ అన్నారు. అంతకు మించి వివరం ఆమె అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు. కవర్లు అలాగే ఉండిపోయాయి.

మేడ సంగతి కొంచెం చెప్పాలి. కింద కొట్టు, పైన పొడుగాటి హాలు. ముప్పై ఏళ్ళపాటు ఆ హాలులో చింతపండు, పసుపు, బెల్లం బస్తాలు ఉండేవి. కృష్ణచైతన్యది విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగం. కరోనా రోజుల్లో ఇంటి నుంచే పని చెయ్యమంటే సెమిలిగుడ వచ్చేశాడు, మరి వెళ్ళలేదు. బస్తాల మధ్య బల్ల వేసుకుని పనిచేసేవాడు. అతను అవతలివాళ్ళతో ఇంగ్లీషులో గంభీరంగా మాట్లాడుతుంటే, ఇవతల కలాసీలు "ఎత్తరా, ఎత్తు" అని కేకలేసేవారు. అవతలివాళ్ళు నవ్వేవారు. ఇలాంటి అవస్థ పడేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకా ఉంటారు కదా అని అతనికి తోచింది. సునాబెడ టౌన్‌షిప్పులోనో, దామన్‌జోడి కాలనీలోనో, మంచం మీద కూర్చుని లాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని, పక్క గదిలో కుక్కరు కూతలు పెడుతుంటే ఉద్యోగాలు చేసే పిల్లలు. వాళ్ళందరికీ ఒక చోటు ఉండాలి. పొద్దున్నే వచ్చి, ఎవరి బల్ల దగ్గర వాళ్ళు పని చేసుకుని, సాయంత్రం ఇంటికి పోవాలి. పెద్ద ఊళ్ళలో దాన్ని కోవర్కింగ్ స్పేస్ అంటారు. బోర్డు మీద అదే మాట ఒడియాలో, ఇంగ్లీషులో, తెలుగులో రాయించాడు. తండ్రిని ఒప్పించడానికి ఏడాది పట్టింది.

బోర్డు కట్టిన రోజున అక్కని మెట్ల కింద నిలబెట్టాడు.

"అక్కా, నువ్వు చూడ్డానికి కొత్తగా వచ్చినదానివనుకో. నేను చూపిస్తాను. నటించు."

"నాకు నటన రాదురా. ఏడో తరగతికి లెక్కలు చెప్పుకునేదాన్ని."

అయినా నటించింది. అతను మెట్లెక్కించి ముందు కిటికీ చూపించాడు. కిటికీలోంచి దూరాన కొండ, దగ్గర బస్సులు. తర్వాత మంచినీళ్ళు, బాత్రూము, కరెంటు పోతే పనిచేసే ఇన్వర్టరు. ధర అన్నిటికంటే చివర చెప్పాడు. గుమ్మం దగ్గర ఆగి, "అయితే మేడమ్, రేపు ఎన్నింటికి వస్తారు?" అని అడిగాడు.

"చూద్దాంలెండి," అంది పద్మకుమారి.

"చూద్దాం అన్నారంటే రారన్నమాటే. మళ్ళీ మొదట్నుంచీ పద."

ఆ వరసంతా ఒక కాగితం మీద అయిదు వాక్యాలుగా రాసి, బీరువా తలుపు లోపలివైపు అంటించాడు. ఆఖరి వాక్యం ఇది: 'రేపు ఎన్నింటికి వస్తారో అడగాలి. అడక్కుండా పంపకూడదు.'

అతను పోయిన తర్వాత మేడని పద్మకుమారి పట్టుకుంది. ఎందుకు పట్టుకున్నావని ఎవరూ అడగలేదు. పొద్దున్న ఏడింటికి తాళం తీసి, తొమ్మిదిన్నరకి స్కూలుకి వెళ్ళేది. సాయంత్రం స్కూలు వదిలితే తిన్నగా మేడకే వచ్చేది. మధ్యలో ఎవరైనా వస్తే కొట్టు గుమస్తా కూర్చోబెట్టేవాడు. నాలుగు నెలల్లో చాలామందే వచ్చారు. చూశారు. బావుందన్నారు. ఆమె వాళ్ళ పేర్లు నోటు పుస్తకంలో రాసుకుంది. పదకొండు పేర్లయ్యాయి. పదకొండుమందిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

ఫాల్గుణమాసంలో ఒక ఆదివారం భీమారావు కూతుర్ని కొట్లోకి పిలిచి బల్ల మీద కూర్చోమన్నాడు. కొడుకు పోయిన మంగళవారం నుంచీ ఆయన మేడ మెట్లు ఎక్కలేదు. మేడ గురించి మాట్లాడాలంటే తల పైకెత్తి కప్పు వంక చూసేవాడు.

"ఉగాది దాటిన రెండో వారం చింతపండు దిగుద్ది. పెట్టడానికి చోటు కావాలి."

"మేడ మీద పదకొండుమంది వస్తామన్నారు నాన్నా."

"అన్నోలు పదకొండుమంది. వచ్చినోలు?"

పద్మకుమారి తాళం చెవి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నేనేటీ అన్యాయం మాట్లాడ్డం నేదమ్మి. అయిదుగురు. నికరంగా రోజూ వచ్చి కూకునేవోలు అయిదుగురు ఉంటే, మేడ ఊసు నేనెత్తను. నేదంటావా, చింతపండు పైకెక్కించెత్తాను. ఖాళీ కుర్చీలకి దీపం పెట్టుకుని నువ్వు కూకుంటే నేను కింద నుంచి సూడలేకపోతన్నాను."

కాలెండరులో ఆ రోజు నుంచి లెక్క వేసుకుంటే నెల రోజులుంది.

ఆ నెలలో మొదటి రెండు వారాలూ ఆమె సహనాన్ని పరీక్షించడానికే వచ్చినట్టు గడిచాయి.

మొదట బీమా ఏజెంటు శ్రీహరి వచ్చాడు. కృష్ణచైతన్యతో కలిసి చదువుకున్నవాడు. అతనికి ఆఫీసు లేదు. కాగితాలన్నీ స్కూటరు డిక్కీలో పెట్టుకుని, టీ కొట్ల దగ్గర బేరాలు మాట్లాడుకుంటాడు. ఇలాంటివాడికి కాక ఇంకెవరికి పనికొస్తుంది ఈ చోటు అనుకుంది పద్మకుమారి. మెట్ల పైన, హాలు గుమ్మం పక్కన తమ్ముడి ఫోటో ఉంది. ఫోటోకి దండ, ముందు దీపం. శ్రీహరి పై మెట్టు దగ్గర చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి ఆమె ఏది చూపిస్తే దానికి తల ఊపాడు.

"ఇది ఫోను మాట్లాడుకునే గది. తలుపేసుకుంటే బయటికి వినపడదు."

"బావుందక్కా."

"ఇది ప్రింటరు. నీ కాగితాలు ఇక్కడే తీసుకోవచ్చు."

"బావుందక్కా. వాడు సేసిన పని ఏది బావునేదు సెప్పు."

"నీకు ఏ బల్ల కావాలి? కిటికీ వైపా, గోడ వైపా?"

"ఏదైతే ఏటక్కా. నీ ఇష్టం. నువ్వెక్కడ కూకోమంటే అక్కడ కూకుంటాను."

ఆమె పుస్తకంలో అతని పేరు రాసి, పక్కన 'కిటికీ వైపు' అని కూడా రాసింది. శ్రీహరి మంచినీళ్ళు తాగాడు, గ్లాసు కింద పెట్టాడు, ఫోటో వంక మరొకసారి చూసి, ఏమీ చెప్పకుండా మెట్లు దిగిపోయాడు. వారం తర్వాత బజారులో ఎదురుపడితే స్కూటరు పక్క సందులోకి తిప్పేశాడు. ఆ సందుకి అవతల దారి లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె అక్కడ ఆగకుండా వెళ్ళిపోయింది. లేకపోతే అతను ఎంతసేపు అందులో ఉండేవాడో.

తర్వాత మన్మథరావు వచ్చాడు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి.

"టీచరమ్మా, ఇక్కడ పడక్కుర్చీ ఏటైనా ఉందా?"

"ఇది పని చేసుకునే చోటండి."

"నాకు పనేటి, రిటైరైపోయేను. ఇంట్లో మా ఆవిడ టీవీ ఎట్టిందంటే కట్టదు. మధ్యాన్నం రెండు గంటలు కళ్ళు మూసుకోడానికి జాగా దొరుకుద్దేమోనని వచ్చేను. పేపరు వేయిస్తావా?"

"పేపరు వేయించొచ్చు. కానీ పడుకోడానికి కాదండీ."

"అలగైతే ఆ ముక్క బోర్డు మీద రాయించు తల్లీ. ముసిలోణ్ణి, ఇన్ని మెట్లెక్కించేవు." అన్నాక ఫోటో కనిపించి, అంతలోనే గొంతు తగ్గించి, "అలాగేలే, సూద్దారి, పేరు రాసుకో," అన్నాడు. ఆయనా దిగేటప్పుడు ఏమీ చెప్పలేదు.

ఒకాయన కొరాపుట్ నుంచి సర్టిఫికెట్ల కట్టతో వచ్చాడు. ఆఫీసు అని రాసుంది కాబట్టి ఉద్యోగాలు ఇస్తారనుకున్నాడు. ఉద్యోగం ఇచ్చే చోటు కాదు, ఉన్న ఉద్యోగం చేసుకునే చోటు అని పద్మకుమారి మూడు రకాలుగా చెప్పింది. ఆయన మూడుసార్లూ విని, సర్టిఫికెట్ల జిరాక్సులు ఒక సెట్టు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

అన్నిటికంటే ఆమెని విసిగించినది రాజ్యం. రాజ్యం కూతురు సుధ ఒకప్పుడు పద్మకుమారి దగ్గర ఏడో తరగతి చదివింది. ఇప్పుడు హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తోంది. తల్లీ కూతుళ్ళిద్దరూ కలిసి వచ్చారు. సుధ కూర్చోలేదు. కూర్చోమంటే కూర్చునేది, పద్మకుమారి దగ్గరికి రాగానే లేచి నిలబడేది. ప్రశ్నలన్నీ రాజ్యానివే.

"మగోలు ఎటేపు కూకుంటారండి?"

"ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చుంటారు. అటూ ఇటూ అని లేదు."

"బాత్రూము వేరేగా ఉందా?"

"ఉంది. తాళం కూడా ఉంది."

"టీ ఎవరు పెడతారు?"

"కింద కొట్టు పక్కన టీ దుకాణం ఉంది కదండీ. తెప్పించుకోవచ్చు."

"అక్కడ టీ బావోదు. పాలు పల్చన," అని రాజ్యం కాసేపు ఆ టీ దుకాణం చరిత్ర చెప్పింది. తర్వాత గుమ్మం వైపు, ఫోటో వైపు చూసి గొంతు తగ్గించింది. "ఏటనుకోకు తల్లీ. ఏడాది తిరగనీ. దాని ఉజ్జోగం కొత్తది. చైతన్య మా కళ్ళ ముందు పెరిగిన బాబే, నాకు మాత్రం బాధ నేదా? కానీ ఇప్పుడే ఎందుకు, ఏడాది తిరిగేక తప్పకుండా వత్తాది. రాసుకో కావాలంటే."

పద్మకుమారి రాసుకుంది. అది పద్నాలుగో పేరు. సుధ ఏదో అనబోయింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరూ ఏమీ చెప్పకుండా దిగిపోయారు.

వాళ్ళు వెళ్ళాక పద్మకుమారి పుస్తకం మూసి బల్ల మీద గట్టిగానే పెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె పిల్లలకి చెప్పేది ఒకటే. తెలిస్తే తెలుసు అనండి, తెలియకపోతే తెలియదనండి, మధ్యలో గొణక్కండి. పిల్లలు నేర్చుకున్నారు. పెద్దవాళ్ళు ఎవరూ నేర్చుకోలేదు. అక్కర్లేదు, రాను, అని ఒక్కరు ముఖం మీద అని ఉంటే ఆమె వాళ్ళకి టీ ఇప్పించి పంపేది. ఆ పాలు పల్చన టీ అయినా సరే.

కుంతి వచ్చినది శనివారం మధ్యాహ్నం, ఒంటిపూట స్కూలు వదిలాక. గుణుపూర్ దగ్గర పద్మపూర్ పిల్ల. కొండ ఊళ్ళు తిరిగి రాగులు, సామలు ఎవరు ఎంత పండించారో రాసుకుని, ఆ వివరాలు భువనేశ్వర్ ఆఫీసుకి పంపించడం ఆమె పని. పద్మపూర్ బజారులో పెరిగింది కాబట్టి తెలుగు బాగానే వచ్చు, మధ్యమధ్య ఒడియా దొర్లుతుంది. కాళ్ళ నిండా ఎర్రటి దుమ్ముతో మెట్లెక్కి, ఫోటో ముందు ఆగింది.

"ఎవరు అపా?"

అపా అంటే అక్క. ఈ నాలుగు నెలల్లో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. మెట్లెక్కిన ప్రతివాళ్ళకీ ముందే తెలుసు.

"మా తమ్ముడు. ఈ చోటు వాడే పెట్టాడు."

కుంతి ఒకసారి చేతులు జోడించి దించింది. "ఇంటర్నెట్ స్పీడెంత?"

పద్మకుమారి చెప్పింది. కుంతి నమ్మలేదు. బ్యాగులోంచి ట్యాబు తీసి తనే చూసుకుంది. తర్వాత కిటికీ తెరిచింది, బస్సుల మోత విని మూసేసింది. ఒక బల్ల ఊపి చూసి, "ఇది ఊగుతోంది, కింద ఏమైనా పెట్టాలి," అంది. ఇన్వర్టరు ఎన్ని గంటలొస్తుందని అడిగి, మూడు గంటలంటే పెదవి విరిచింది. ధర విని, తను నెలలో పది రోజులు ఊళ్ళ మీదే ఉంటుంది కాబట్టి సగమే ఇస్తానంది. ఒక్కటీ బావుందనలేదు. పద్మకుమారికి విసుగొచ్చింది. అయితే ఆ విసుగు అన్నాళ్ళూ వచ్చిన విసుగులాంటిది కాదు.

కుంతి కుర్చీలో కూర్చుని లేచింది. "ఈ పాలిథిన్ ఎందుకు అపా? చెమట పడుతోంది. తీసెయ్యనా?"

పద్మకుమారి కుర్చీ వంక చూసింది. కవరు మీద రాయగడ దుకాణం చీటీ ఇంకా అంటుకునే ఉంది.

"తీసుకో," అంది.

కుంతి చింపేసింది. పెద్ద చప్పుడే అయింది. కవరు ఉండలా చుట్టి చెత్తబుట్టలో వేసి, గంటసేపు ఒక్క మాట మాట్లాడకుండా పని చేసుకుంది. పని అయ్యాక ట్యాబు సర్దుకుని లేచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అంది.

"ఆసుచి అపా."

ఒడియావాళ్ళు వెళ్ళేటప్పుడు వెళ్తున్నాననరు. వస్తున్నానంటారు. మనం వెళ్ళొస్తామన్నట్టే. ఎవరింటి నుంచైనా, ఏ కొట్టు నుంచైనా, అలవాటుగా అనే మాట. ఆ మాట ఆ మెట్ల మీద నాలుగు నెలలుగా ఎవరూ అనలేదు.

చావు జరిగిన ఇంటికి పరామర్శకి వెళ్ళినవాళ్ళు వెళ్ళొస్తామనరు. చెప్పకుండా లేచిపోతారు. ఇంటివాళ్ళు కూడా రండి అని పిలవరు, మళ్ళీ రండి అని పంపరు. అలాంటి పని మీద మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. అందరికీ వచ్చు. పద్మకుమారికీ వచ్చు. నాలుగు నెలలుగా ఆమె మెట్ల పైన తమ్ముడి ఫోటో పెట్టుకుని, దాని పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకి ప్రింటరు చూపించింది, బాత్రూము తాళం చూపించింది. ఒక్కరినీ రండి అనలేదు. ఒక్కరినీ రేపు ఎన్నింటికి వస్తారని అడగలేదు. కాగితం మీది అయిదో వాక్యాన్ని ఆమె చదవకుండా వదిలెయ్యలేదు. నోరు రాక వదిలేసింది. వచ్చినవాళ్ళూ తమ మర్యాద తాము పాటించారు. చావింట్లో కాదనకూడదు కాబట్టి అన్నిటికీ ఔనన్నారు. చెప్పకుండా దిగిపోయారు. వాళ్ళందరి మీదా ఆమె ఇన్నాళ్ళూ విసుక్కుంది.

కుంతి రెండో మెట్టు మీద ఆగి వెనక్కి చూసింది. జవాబు రాలేదని.

"ఏమైంది అపా? చోటు లేదా?"

"ఉంది."

"మరి?"

పద్మకుమారి గుమ్మం పట్టుకుంది. ఎప్పుడూ వాడని పనిముట్టు చేతికిచ్చినట్టుంది ఆ మాట.

"రా," అంది. తర్వాత అయిదో వాక్యం కూడా అంది. "రేపు ఎన్నింటికి వస్తావు?"

"రేపు ఆదివారం కదా అపా."

"ఎల్లుండి."

"ఎనిమిదిన్నరకి. సగానికే, మాటంటే మాట."

"సగానికే," అంది పద్మకుమారి.

ఆ సాయంత్రం ఆమె ఫోటో గోడ మీంచి దించింది. దీపం ఆర్పలేదు. నూనె అయిపోయేదాకా కూర్చుని, అది దానంతటదే ఆరాక, దీపపు కుందె ఒక చేత్తో, ఫోటో ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. ఇంట్లోకి వెళ్ళాలంటే కొట్లోంచే దారి. భీమారావు గల్లా దగ్గర లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికమ్మి?"

"ఇంట్లోకి నాన్నా. పైకొచ్చేవాళ్ళు పని చేసుకోడానికి వస్తారు. వీణ్ణి చూస్తే మాట్లాడలేకపోతున్నారు."

"ఏడాది అవ్వనేదు."

"దీపం ఇంట్లో పెడతాను. ఏడాదీ పెడతాను."

ఆయన ఫోటో ఆమె చేతిలోంచి తీసుకుని, భుజం మీది తువ్వాలుతో అద్దం తుడిచాడు. ఒకసారి తుడిచాక మళ్ళీ తుడిచాడు.

సోమవారం నుంచి ఆమె పుస్తకంలో పేర్లకి వరసగా ఫోను చేసింది. వస్తామన్నారు కదా అని నిలదియ్యలేదు. 'రండి' అంది. 'రేపు ఎన్నింటికి?' అంది. ఆ ప్రశ్నకి అవతల ముందు చిన్న దగ్గు వచ్చేది. తర్వాత నిజం వచ్చేది.

"నేను రానమ్మా," అన్నాడు మన్మథరావు. "మెట్లెక్కలేను. ఆ రోజు సెప్పడానికి నోరు రానేదు."

పద్మకుమారి ఆయనకి నిజంగానే కృతజ్ఞతలు చెప్పి పేరు కొట్టేసింది. అలా ఒక్క రోజులో పన్నెండు పేర్లు పోయాయి. ఆ రోజు ఆమెకి చాలా రోజుల తర్వాత మనసు తేలిగ్గా అనిపించింది.

శ్రీహరి మాత్రం, "అక్కా, నన్ను తిట్టుకున్నావా?" అన్నాడు.

"తిట్టుకున్నాను. ఎన్నింటికొస్తావు?"

"పదికి. కిటికీ వైపే ఉంచేవా?"

సుధ ఫోను తనే ఎత్తింది. రేపు ఎన్నింటికి వస్తావు అని అడగ్గానే, తరగతిలో జవాబు చెప్పినట్టు, "తొమ్మిదికి మేడమ్," అంది. వెనకాల రాజ్యం గొంతు వినిపించింది. "ఏడాది అన్నాను కదే," అంటోంది. "అమ్మా, అది చావిల్లు కాదు, ఆఫీసు," అంది సుధ. పద్మకుమారి ఫోను చెవికి కొంచెం దూరంగా పెట్టుకుంది. తొమ్మిదికి రాజ్యం కూడా వచ్చింది. పై మెట్టు మీద ఖాళీ గోడ చూసి, ఏదో అడగబోయి, మానేసి, ఇంటి నుంచి తెచ్చిన టీ ఫ్లాస్కు కూతురి బల్ల మీద పెట్టింది. "ఆ పల్చన నీళ్ళు తాగకు," అని, గుమ్మం దాటుతూ, "ఎల్లొత్తానండి," అంది. మూడోరోజు సుధ తన స్నేహితురాలు నాగశ్రీని తీసుకొచ్చింది. ఎవరి కుర్చీ కవరు వాళ్ళే చింపుకున్నారు. సుధ ఇప్పటికీ పద్మకుమారి దగ్గరికొస్తే లేచి నిలబడుతుంది. ఆ ఒక్కటీ ఎంత చెప్పినా మానలేదు.

చింతపండు లారీ ఉగాది దాటిన రెండో గురువారం, అన్నమాట ప్రకారమే వచ్చింది. పద్మకుమారి స్కూలు నుంచి వచ్చేసరికి కలాసీలు తాళ్ళు విప్పుతున్నారు.

"ఎంతమందయ్యేరు?" అన్నాడు భీమారావు.

"నలుగురు."

"అయిదుగురన్నాను."

"అయిదుగురన్నారు. నలుగురే ఉన్నారు."

"లెక్కల టీచరువి. నాలుగు అయిదవ్వదని నేను నీకు సెప్పాలా?"

"అక్కర్లేదు నాన్నా."

ఆమె తాళం చెవి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. బతిమాలడం ఆమెకి రాదు. తమ్ముడి కాగితంలో నాలుగో వాక్యం కూడా, ఎవరినీ బతిమాలకూడదనే ఉంది.

భీమారావు తాళం చెవి ముట్టుకోలేదు. బస్తా ఎత్తిన కలాసీని ఆగమని, తువ్వాలు భుజాన వేసుకుని తనే మెట్లెక్కాడు. కార్తీకం తర్వాత అదే మొదటిసారి. పద్మకుమారి కిందే నిలబడింది. పైన ఆయన చూసినది ఆమె తర్వాత శ్రీహరి చెప్తే విన్నది. ముసలాయన గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ లేవలేదు, ఎవరూ గొంతు తగ్గించలేదు, బాధపడుతున్నట్టు ముఖం పెట్టలేదు. సుధ, నాగశ్రీ చెవుల్లో ఏవో పెట్టుకుని తెర వంక చూస్తున్నారు. శ్రీహరి ఎవరికో బీమా గురించి గట్టిగా చెప్తున్నాడు. ఆయన ఖాళీ గోడ వంక కాసేపు చూశాడు. "బాబూ," అని ఎవర్నో పిలవబోయాడు. కుంతి పరీక్షగా చూసి, వేలు పెదవుల మీద పెట్టుకుని, "తాతా, మీటింగులో ఉన్నాను," అంది.

ఆయన దిగొచ్చాడు. లారీ దగ్గరికి వెళ్ళి, చాలా విసుగ్గా, "సగం వరండాలో దించండి. సగానికి మన్మథరావు గారి షెడ్డు అడగండి, ఖాళీగా ఉంది. పైన పిల్లలు పని సేసుకుంటన్నారు. ఆ కేకలు తగ్గించండి," అన్నాడు. కూతురి వైపు తిరిగి, "వానలు పడేలోగా ఆ అయిదో మనిషిని సూడు. రథయాత్ర దాకా గడువు. ఆ తర్వాత సింతపండుని వరండాలో తడపలేను," అన్నాడు.

పద్మకుమారి తాళం చెవి తీసుకుని పైకి వెళ్ళింది.

అయిదో మనిషి ఇంకా రాలేదు. పన్నెండు కుర్చీల్లో ఎనిమిదింటికి కవర్లు ఇంకా తియ్యలేదు.